గోడలు ఇచ్చిండ్రు, ఊరు ఏది?

(బెల్లంపల్లిలో భూనిర్వాసితులు, రిటైర్డ్ కార్మికులు, విద్యార్థులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన అంశం ‘కొత్త కాలనీలు – ప్రజల ఆరోగ్యం’. పేరు చూస్తే డాక్టరో, ఇంజినీరో మాట్లాడాల్సిన ముచ్చట. మేము పత్రికల రాసుకునేటోళ్లం, ఉద్యమంల తిరిగినోళ్లం. అయినా ఒప్పుకున్నం. ఈ కేసుల మొదటి సాక్షి ఇంటెనుక కట్టిన దండెం గనుక ఒప్పుకున్నం. మీ దండెం మీద పొద్దున ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఏ రంగుల ఉంటదో మీకు తెలుసు. ఓపెన్ కాస్టు దాపున ఉన్న ఊర్లల్ల అక్కలు బట్టలు ఇంట్లనే ఆరేసుకుంటరు. పంచె మీద అంత దుమ్ము పడితే పసిపిల్ల ఊపిరితిత్తుల మీద ఎంత పడుతదో లెక్కగట్టెటందుకు పెద్ద చదువు అక్కర్లేదు.

ముందుగాల మన ఊరి కథ రెండు ముక్కలల్ల చెప్పుకుందాం. 1871ల విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టిండు. 1889ల తవ్వుడు మొదలైంది. 1920ల కంపెనీకి సింగరేణి పేరొచ్చింది. ఆ దశాబ్దం చివరికి బొగ్గు తట్ట మన బెల్లంపల్లికి చేరింది. పల్లెల నుంచి, కరువు నుంచి, దొరల వెట్టి నుంచి తప్పించుకొని వచ్చినోళ్లంత బాయి పక్క గుడిసెలేసుకున్నరు. బస్తీల పేర్లు వినుండ్రి: బూడిదగడ్డ, కాంట్రాక్టర్ బస్తీ, బాబుక్యాంపు, 65 డిప్. దేవుని పేరో, నాయకుని పేరో పెట్టుకునే తీరిక ఆ గుడిసెలేసినోళ్లకు ఎక్కడిది? బూడిద పోసిన చోట బూడిదగడ్డ, బాయి నంబరు ఉన్న చోట బాయి నంబరే ఊరి పేరు. ఈ ఊరిని ఎవడూ కాయితం మీద గీసి కట్టలే. బొగ్గు ఎటు పోతే జనం అటు పోయిండ్రు.

తర్వాత బొగ్గు అయిపోయింది, బాయిలు ఒక్కొక్కటి బందయినయి. 1990ల మొదట్ల లక్షకు పైన ఉన్న సింగరేణి కార్మికులు ఇయ్యాల నలభై వేల చుట్టూ ఉన్నరు. 2001 జనాభా లెక్కలల్ల బెల్లంపల్లి మున్సిపాలిటీల 66 వేల పైచిలుకు మంది. 2011కు వచ్చేసరికి 56 వేల లోపు. దేశమంత పట్టణాలు ఉబ్బుతుంటే మన పట్టణం పదేండ్లల్ల పదివేల మందిని పోగొట్టుకున్నది. ఇసొంటి ఊర్ల ఇల్లు గురించి మాట్లాడుడు అంటే హైదరాబాద్ల అపార్ట్‌మెంట్ల గురించి మాట్లాడినట్టు కాదు. ఇక్కడ ఒక దిక్కు ఖాళీ క్వార్టర్లు కూలుతున్నయి. ఇంకో దిక్కు రిటైరైన కార్మికుడు క్వార్టర్ ఖాళీ చేసి ఎటు పోవాల్నో తెల్వక నిలబడ్డడు. మూడో దిక్కు ఓపెన్ కాస్టు కింద ఊరు పోయినోళ్లు కొత్త కాలనీల ప్లాటు నంబరు పట్టుకొని తిరుగుతున్నరు.

మేము క్వార్టర్లల్ల పెరిగిన పిల్లలం. రెండు అర్రలు, ముందట చిన్న వరండా, ఎనుక నల్లా, ఒక జామచెట్టు. ఇరుకే. చుట్టాలొస్తే మొగోళ్లు బయట నులక మంచాలేసుకునేది. కానీ లైన్లకు లైన్లు ఎదురెదురుగ ఉండేటివి. ఒకరింట్ల దగ్గు మొదలైతే పది ఇండ్లకు తెలిసేది. రాత్రి షిఫ్టు పోయినాయన టైముకు రాకపోతే ఆ ఇంటి ముందు గంటల జనం జమయ్యేది. 2011ల సకల జనుల సమ్మె నాడు, సెప్టెంబర్ 13 నుంచి నలభై రెండు రోజులు తెలంగాణ ఆగిపోయిననాడు, బొగ్గుబాయి ఎట్ల నిలబడ్డది? జీతం లేని ఇంటికి పక్కింటి బియ్యం ఎట్ల చేరినయి? కరపత్రం కన్నా ముందు ఆ ఎదురెదురు గుమ్మాలు పని చేసినయి. అప్పుడు మేము విద్యార్థులం, ఆ గుమ్మాల ముందు ఛాయ తాగుకుంటనే సగం ఉద్యమం నేర్చుకున్నం. గుమ్మం ఎటు దిక్కు ఉండాలె అన్నది వాస్తు పంతులు ముచ్చట అనుకుంటరు. పక్కింటి ముసలమ్మ పడిపోతే ఎవలు చూస్తరు అన్నది కూడ ఆ గుమ్మమే తేలుస్తది.

అట్లని క్వార్టర్లను బంగారం చేసి చెప్పం. ఆఫీసర్ల బంగ్లాలు చెట్ల నడుమ, గాలి వచ్చే దిక్కు, ఎత్తు మీద ఉండేటివి. కార్మికుల లైన్లు బాయి దగ్గర, పల్లంల. ఊపిరితిత్తుల్ల దుమ్ము ఎవరికి చేరాల్నో లేఅవుట్ గీసిన్నాడే తేలిపోయింది. కాంట్రాక్టు కూలీకి ఆ క్వార్టర్ కూడ లేదు. ఆయన ఇల్లు నాలాకు అవతల రేకుల కింద.

ఇంక అసలు ముచ్చట. ఈ మధ్య మేము ఒక పునరావాస కాలనీకి పోయినం. ఊరు పేరు చెప్పం, అక్కడి జనం మా మీద నమ్మకంతోని మాట్లాడిండ్రు. పోతుంటే దూరం నుంచే కనపడ్డది: చదును చేసిన ఎర్రమట్టి, గీత గీసినట్టు రోడ్లు, ఒక్క చెట్టు లేదు. పాత ఊర్ల చింతచెట్టు కింద కూసునే ముసలోళ్లు ఇక్కడ వాటర్ ట్యాంక్ నీడల కూసున్నరు. నీడ తిరిగినకొద్దీ వాళ్లూ జరుగుతున్నరు. పొద్దున పడమటి దిక్కు, పగటీలి ట్యాంక్ కాళ్ల మొదట్ల, సాయంత్రం తూర్పు దిక్కు. మేము కూసున్న రెండు గంటల్ల రెండుసార్లు లేచి జరిగినం.

ఒక అవ్వ చెప్పింది: “బిడ్డా, ఇల్లు మంచిగనే ఉన్నది. పొద్దు పోతలేదు.” పాత ఊర్ల ఆమెకు రెండు బర్రెలు, పది కోళ్లు, పెరట్ల సొరపాదు. ఇక్కడ ప్లాటుల ఇల్లు పోను బర్రె కట్టేసే జాగ లేదు, మేపే జాగ అసలే లేదు. బర్రెలు అమ్ముకున్నది. పాలు పోయినయి, పాల పైసలు పోయినయి, పొద్దున లేచి చేసే పని పోయింది. షుగరు వచ్చింది, బీపీ వచ్చింది. దవాఖాన కాయితంల షుగరు అని రాస్తరు గని బర్రెలు పోయినయి అని రాయరు. ఆ ఇంటి కొడుకుకు పరిహారం పైసలు వచ్చినయి, మోటర్‌సైకిల్ వచ్చింది, తాగుడు వచ్చింది. ఆ కాలనీల అంగన్‌వాడీ ఇంకా కిరాయి అర్రల ఉన్నది. బెల్టుషాపు మాత్రం గృహప్రవేశాలకన్నా ముందే తెరిచిండ్రట!

పాత ఊర్ల వాడలు ఉండేటివి. ఎవల వాడ వాళ్లది, మంచీ చెడ్డా రెండూ ఉండేటివి. ఊరవతల వాడ ఊరవతలనే ఉండాలె అని మేము అనం, ఆ గీత చెరిగిపోవాల్సిందే. కానీ లాటరీ తీసి నంబరేసి ఇచ్చేసరికి తల్లి ఒక మూలకు, పెండ్లయిన కొడుకు ఇంకో మూలకు పడ్డరు. లాటరీల కులం గీత చెరిగిందా అంటే అదీ లేదు, ఆర్నెల్లల్ల ప్లాట్లు మార్చుకొని మళ్ల అట్లనే చేరిండ్రు. ముసలి తల్లి మాత్రం మార్చుకోలేకపోయింది.

ఇది ఒక్క కాలనీ ముచ్చట కాదు. కళ్యాణిఖని ఓపెన్ కాస్టు కింద దుబ్బగూడెం, ఎల్లంపల్లి నీళ్ల కింద గుడిరేవు, కర్ణమామిడి... ఊరు వదిలిన దుఃఖం తెలిసినోళ్లు ఈ సభల చాలామంది ఉన్నరు. ఉద్యమం రోజులల్ల ఓపెన్ కాస్టులతోని తెలంగాణ బొందలగడ్డ అయితున్నదని గొంతులు చించుకున్నం. అప్పుడు పాలకులు పరాయోళ్లు, అడుగుడు అల్కగ ఉండె. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. సింగరేణిల 51 శాతం వాటా మన రాష్ట్ర సర్కారుది, 49 శాతం కేంద్రానిది. ఇప్పుడు పాలకులు మనోళ్లే, అడుగుడు కష్టమైంది. అడిగితే మనోళ్లను మనమే బద్నాం చేస్తున్నమా అని నాలుక వెనుకకు గుంజుతది. మా నాలుక కూడ కొన్నేండ్లు గుంజింది, ఒప్పుకుంటున్నం. ఏ జెండా వచ్చినా ఓపెన్ కాస్టు పెరుగుడు ఆగలేదు, కాలనీ గీసే తీరూ మారలేదు.

కొందరు అంటరు: ఇల్లు ఇచ్చుడే ఎక్కువ, ఇంకా చెట్లు, గ్రౌండ్లు, దవాఖాన అంటే ఎట్ల? వాళ్లకు చట్టం చూపెట్టాలె. 2013 భూసేకరణ చట్టంల మూడో షెడ్యూల్ అని ఒకటున్నది. నిర్వాసితుల కొత్త ఊర్ల ఏమేం ఉండాల్నో 25 అంశాలు అందుల రాసిండ్రు. రోడ్లు, మురికికాలువలు, తాగునీళ్లు సరే, పశువులకు నీళ్లు, మేత భూమి రాసిండ్రు. రేషన్ దుకాణం, పోస్టాఫీసు, అంగన్‌వాడీ, బడి రాసిండ్రు. రెండు కిలోమీటర్ల లోపల ఉపఆరోగ్య కేంద్రం రాసిండ్రు. పిల్లలకు ఆట జాగ, బొందలగడ్డకు వేరే జాగ, ప్రతి వంద కుటుంబాలకు ఒక కమ్యూనిటీ హాలు, యాభై కుటుంబాలకు ఒక గుడో, మసీదో, చెట్టు గద్దెనో రాసిండ్రు. చెట్టు కింద గద్దె ఈ దేశ పార్లమెంటు చేసిన చట్టంల ఉన్నది అక్కలారా! ఆదివాసుల సంప్రదాయ సంస్థలకు వేరే భూమి చూపెట్టాలని కూడ ఉన్నది. కోలాం గూడెంకు, గోండు గూడెంకు దేవునికి జాగ, పెద్దమనుషులు కూసునే జాగ లేకుంటే అది గూడెమే కాదని వాళ్లకు తెలుసు, చట్టానికి కూడ తెలుసు.

‘అది మామూలు భూసేకరణకే, బొగ్గు భూములకు 1957 చట్టం వేరే’ అని ఆఫీసర్లు తప్పించుకోవద్దు. 2015 ఆగస్టుల కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతోని బొగ్గు భూముల చట్టం సహా పదమూడు చట్టాల కింద భూములు పోయినోళ్లకు కూడ పరిహారం, పునరావాసం, సౌలతులు 2013 చట్టం షెడ్యూళ్ల ప్రకారమే ఇయ్యాలె. గని విద్యార్థి తమ్ముళ్లు ఒక తేడా గుర్తు పెట్టుకోండి. ఆ ఉత్తర్వుతోని బొగ్గు భూములకు వచ్చింది షెడ్యూళ్లల్ల ఉన్న హక్కులే. ముందస్తు సామాజిక ప్రభావ అధ్యయనం, మనుషుల సమ్మతి రాలేదు. అంటే ఊరు ఇయ్యనని అనే బలం తక్కువ, ఊరికి బదులు ఏం ఇస్తున్నవని అడిగే బలం ఎక్కువ. ఉన్న బలాన్నన్న వాడుకోవాలె గదా. ఆ 25 అంశాల కాయితాన్ని ప్రింటు తీసి ప్రతి కాలనీల గోడకు అంటియ్యాలె, ఒక్కొక్కదాని ముందు ఉన్నది, లేదు అని మనమే రాయాలె.

ఇల్లు ఎక్కడ కట్టాలె అన్నది ఎట్ల కట్టాలె అన్నదానికన్నా పెద్ద ప్రశ్న. బొగ్గు గనుల నిబంధనలల్ల బ్లాస్టింగ్ చేసే చోటు నుంచి 500 మీటర్ల దాకా ప్రమాద ప్రాంతం. రాయి ఎగిరి పడే లెక్క అది. దుమ్ముకు 500 మీటర్లు ఏం లెక్క? ఇండ్ల నడుమ గాలిల సన్న దుమ్ము రోజు సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటొద్దని 2009ల దేశమంత వర్తించే ప్రమాణం పెట్టిండ్రు. బొగ్గు గనుల కోసం మాత్రం 2000ల వేరే ప్రమాణాలు వచ్చినయి, అవి ఇంతకన్న వదులు. బెల్లంపల్లి పిల్లగాని ఊపిరితిత్తి హైదరాబాద్ పిల్లగాని ఊపిరితిత్తి కన్న గట్టిదని ఎవలు తేల్చిండ్రో మాకైతే తెల్వదు.

అందుకని కాలనీ జాగ చూపెట్టినప్పుడు అడగాల్సిన మొదటి మాట ప్లాటు ఎన్ని గజాలు అన్నది కాదు, గాలి ఎటు వీస్తది అన్నది. వానకాలం గాలి పడమటి దిక్కు నుంచి వస్తది, వానకు దుమ్ము అణిగి ఉంటది. చలికాలం తూర్పు, ఈశాన్యం గాలి, నేల ఎండి ఉంటది. ఎండకాలం మళ్ల పడమటి వేడి గాలి. గుట్టోలె పోసిన మట్టి కుప్ప ఈ రెండు దిక్కులల్ల ఎక్కడున్నా ఏడాదిల కొన్ని నెలలు మన ఇంట్లనే ఉన్నట్టు. ఇది చెప్పెటందుకు ఊర్ల రైతు చాలు. వడ్లు తూర్పార పట్టినాయనకు గాలి దిక్కు తెల్వదా? లేఅవుట్ కమిటీల ఆయనను ఎప్పుడన్న కూసోబెట్టిండ్రా?

మట్టి కుప్ప కేవలం దుమ్ము ముచ్చట కూడ కాదు. ఇంగ్లండు పక్కన వేల్స్ దేశంల అబర్‌ఫాన్ అనే బొగ్గు ఊరున్నది. కొండ మీద, నీటి ఊట మీద గని మట్టి పోసిండ్రు. ఊరోళ్లు భయపడుతున్నమని ముందే చెప్పిండ్రు, పై ఆఫీసర్లు పట్టించుకోలే. 1966 అక్టోబర్ 21 పొద్దున, బడి మొదలైన టైముకు, ఆ కుప్ప జారి వచ్చి బడి మీద పడ్డది. 144 మంది పోయిండ్రు, అందుల 116 మంది పిల్లలు. మన దగ్గర కుప్పల వెడల్పు, ఏటవాలు వేరే ఉండొచ్చు, ఇక్కడ అట్లనే జరుగుతదని భయపెట్టం. కానీ బడి జాగ, అంగన్‌వాడీ జాగ కుప్పకు పల్లంల పెడితే మాత్రం సంతకం పెట్టొద్దు.

ఇంటి ముచ్చటకు వద్దాం. 2015ల సికింద్రాబాద్ల ఐడీహెచ్ కాలనీల డబుల్ బెడ్రూం ఇండ్లు మొదలు పెట్టినప్పుడు మేము కూడ చూసి సంబరపడ్డం. 560 చదరపు అడుగులు, రెండు పడకలు, ఇంట్లనే మరుగుదొడ్డి. పేదోనికి రెండు అర్రలు ఉండాలె అన్న మాటనే గొప్ప మాట, ఆ మాటను తక్కువ చెయ్యం. 2024ల మళ్ల మొదలైన ఇందిరమ్మ ఇండ్లల్ల సొంత జాగల ఐదు లక్షలతోని 400 చదరపు అడుగులకు తగ్గకుండ కట్టుకోవాలె. ఏ సర్కారు పేరు పెట్టుకున్నా మనకు అభ్యంతరం లేదు. కానీ బొగ్గు పట్నంల జీ ప్లస్ టూ కట్టి మూడో అంతస్తు తాళంచెవి ముప్పై ఏండ్లు బాయిల పని చేసినాయన చేతిల పెడితే ఏమైతది? ఊపిరితిత్తుల్ల దుమ్ము పేరుకున్న మనిషి పది మెట్లెక్కి గోడ పట్టుకుంటడు. కిందికి దిగుడు బందు పెడ్తడు. దోస్తులను కలుసుడు బందు, నడుసుడు బందు. ఇంట్ల కూసొని టీవీ. రెండేండ్లల్ల మనిషి పోతడు. కింది అంతస్తు ఇండ్లు దమ్ము ఉన్నోళ్లకు, వికలాంగులకు, ఒంటరి ముసలోళ్లకు ముందుగాల రాసియ్యాలని ఒక్క లైను జీవోల రాస్తే పైస ఖర్చు లేదు. పైస ఖర్చు లేనిది చేసెటందుకే మన ఆఫీసులల్ల ఎక్కువ టైము పడుతది!

ఎండ గురించి చెప్పకపోతే బెల్లంపల్లిల ఇల్లు గురించి చెప్పినట్టే కాదు. 45 డిగ్రీలు దాటే మే నెలల ఒంటి స్లాబు కింద పగలంత కాలి, రాత్రంత ఆ వేడి కిందికి దిగుతది. మన తాతలు గూన పెంకు ఎందుకు వేసిండ్రు? గాలి సందులు ఉంటయి, రాత్రికి చల్లబడుతది. ముందట అరుగు, ఎనుక పెరడు, ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు ఒక వేపచెట్టు. ఇవి పెట్టెటందుకు కొత్త టెక్నాలజీ అక్కర్లేదు. స్లాబు మీద సున్నం తెల్లగ కొట్టినా కొంత వేడి తగ్గుతది. కాంట్రాక్టరు డ్రాయింగుల అరుగు ఉండదు, ఎందుకంటే అరుగు చదరపు అడుగుల లెక్కల రాదు. గని మన ఆడోళ్లు బియ్యం చెరిగేది, బీడీలు చుట్టేది, జుట్టు దువ్వుకునేది, మనసుల మాట చెప్పుకునేది అరుగు మీదనే.

ఇవన్ని గొంతెమ్మ కోరికలు అనేటోళ్లకు మన చరిత్రనే చూపెడుదాం. 1908ల మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. 1911ల ప్లేగు వచ్చింది. 1912ల నిజాం సర్కారు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు గల్లీలను తీసి, వెలుతురు, గాలి, మురికికాలువ ఉండే ఇండ్లను పేదోళ్లకు, చిన్న ఉద్యోగులకు కట్టింది. నిజాం పాలనను మేము పొగడం, పాత ఆదిలాబాద్ జిల్లా అడవులల్ల కొమురం భీమును చంపిన పాలన అది. కానీ రోగం ఇంటి గోడలల్ల పుడుతదని, దవాఖాన కట్టుడు ఒక్కటే వైద్యం కాదని వందేండ్ల కింద ఈ గడ్డ మీద ఒక ఆఫీసుకు అర్థమైంది. ఇయ్యాల కాలనీ గీసే టేబుల్ దగ్గర ఇంజినీరు ఉంటడు, రెవెన్యూ ఆయన ఉంటడు. డాక్టరు ఎందుకు ఉండడు?

పైసలు ఎక్కడియి అంటరా? బ్రిటన్‌ల 1920ల ఒక చట్టం వచ్చింది. తవ్విన ప్రతి టన్ను బొగ్గు మీద ఒక పెన్నీ గని ఓనర్లు కార్మికుల సంక్షేమ నిధికి కట్టాలె. ఆ పైసలతోని ఆట స్థలాలు, హాళ్లు, గని ముందట స్నానాల గదులు వందల సంఖ్యల కట్టిండ్రు. ఆ స్నానాల గదుల వెనుక ఒక ఆడమనిషి కొట్లాట ఉన్నది. ఎలిజబెత్ ఆండ్రూస్ అని వేల్స్ గని కార్మికుని భార్య, 1919ల సర్కారు కమిషన్ ముందు నిలబడి చెప్పింది: షిఫ్టు దిగిన మొగనికి, కొడుకులకు నీళ్లు కాచి, మోసి మోసి ఆడోళ్ల ఒళ్లు గుల్లయితున్నదని, గర్భాలు పోతున్నయని. బొగ్గు దుమ్ము గని గేటు దగ్గర్నే ఆగాలె, ఇంటికి రావద్దు అన్నది ఆమె వాదన. మన దగ్గర గని మీద స్నానాల జాగలు ఉన్నయి, కానీ కాంట్రాక్టు కూలీ, బొగ్గు లారీ డ్రైవరు, లోడింగు కూలీ అదే మసి బట్టతోని ఇంటికొస్తరు. పసిపిల్ల ఎదురొచ్చి కాళ్లకు చుట్టుకుంటది. కొత్త కాలనీల ప్రతి ఇంటికి వాకిట్లనే, లోపలికి రాకముందే, ఒక నల్లా, నాలుగు అడుగుల స్నానపు బండ పెట్టుమని అడిగితే అది కోరికనా, వైద్యమా?

మనకూ పెన్నీ అసొంటిది ఉన్నది. 2015ల గనుల చట్టం మార్చి ప్రతి గని జిల్లాల జిల్లా ఖనిజ నిధి పెట్టిండ్రు. పాత లీజుల మీద రాయల్టీల 30 శాతం దాంట్లకు రావాలె. అందుల పెద్ద భాగం తాగునీళ్లు, ఆరోగ్యం, చదువు, కాలుష్య నివారణ అసొంటి పనులకే ఖర్చు పెట్టాలని నిబంధన. ఆ పైసలు గని దెబ్బ తగిలిన ఊర్లకు. కానీ నిధి మంచిర్యాల కలెక్టరేట్‌ల ఉంటది, దెబ్బ తగిలినాయన బస్తీల ఉంటడు. ఏ ఏడు ఎంత వచ్చింది, దేనికి పోయింది అని సమాచార హక్కు కింద అడుగుదాం. విద్యార్థి తమ్ముళ్లు ఈ పని ఎత్తుకోవాలె. సిమెంటు రోడ్డు కనపడుతది, రిబ్బన్ కట్ చేసుకోవచ్చు. చెట్ల వరుస, దగ్గు పరీక్ష కనపడవు.

బెల్లంపల్లి పట్నంలనే ఇంకో ముచ్చట. బందైన బాయిల జాగలు, కూల్చిన క్వార్టర్ల జాగలు మన నడుమనే పడున్నయి. రాష్ట్రమొచ్చినంక జీవో 76తోని సింగరేణి జాగలల్ల ఇండ్లు కట్టుకున్నోళ్లకు పట్టాల దారి తెరుసుకున్నది, అది మంచిదే. పట్టా చేతికొస్తే మనిషికి నిద్ర పడుతది, అది కూడ ఆరోగ్యమే. కానీ మిగిలిన ఖాళీ జాగను ముక్కలు చేసి రాత్రికి రాత్రి కబ్జా పెట్టెటోళ్ల కన్ను పడ్డది. జర్మనీల రూర్ అనే బొగ్గు ప్రాంతంల గనులు బందైనంక, 1989 నుంచి పదేండ్లు ఒక పెద్ద పథకం పెట్టి, పాత గని జాగలల్ల పార్కులు, ఇండ్లు, సైకిల్ బాటలు చేసిండ్రు. జోల్‌ఫెరైన్ అనే పెద్ద గని 1986ల బందైతే 2001ల ప్రపంచ వారసత్వ స్థలమైంది. వాళ్లకు పైసలున్నయి, మనకు లేవు, నిజమే. గని ఒక్కటి మాత్రం నేర్చుకోవచ్చు: బొగ్గు తవ్వినోని పిల్లలు ఆడుకునే జాగ ముందుగాల గీసి, మిగిలింది ప్లాట్లు చెయ్యాలె. మన దగ్గర ప్లాట్లు చేసినంక మిగిలిన మూల, అదీ నాలా పక్కది, పార్కు అయితది.

బతుకమ్మ ముచ్చట అక్కలు గుర్తు చేసిండ్రు, చెప్పకపోతే ఊకోరు. ఉద్యమంల బతుకమ్మను రోడ్డు మీదికి తెచ్చినం, ఢిల్లీ దాకా తీసుకపోయినం. రాష్ట్ర పండుగ చేసుకున్నం. మేము పోయిన ఆ కాలనీల బతుకమ్మ ఆడే జాగ లేదు. రోడ్డు మీద ఆడితే టిప్పర్లు. వేసెటందుకు చెరువు లేదు, ప్లాస్టిక్ డ్రమ్ముల వేసిండ్రట. ఏడాదికొక్కసారి ఆడోళ్లంత ఒక్కచోట చేరి రాత్రి దాకా ఆడి పాడే జాగ లేకపోతే అది ఆరోగ్య సమస్య కాదా? ఆ జాగ ఉంటే మిగిలిన మూడువందల అరవై రోజులు పిల్లలు వాలీబాల్ ఆడుతరు, ముసలోళ్లు పొద్దున నడుస్తరు, సాయంత్రం సంఘం కూసుంటది. బెల్టుషాపు మూయించాలంటే కూడ ఆడోళ్లు కూసొని మాట్లాడే జాగ ఉండాలె.

ఆఖరికి, పని ముచ్చట. ఊరు ఇంకా ఖాళీ చెయ్యనోళ్లు ఒక పని చెయ్యాలె. మీ పాత ఊరిని మీరే గీయుండ్రి. చార్టు కాయితం, నాలుగు రంగుల పెన్సిళ్లు చాలు. ఏ చెట్టు కింద ఎవలు కూసుంటరు, పోచమ్మ ఎక్కడ, దర్గా ఎక్కడ, బర్రెలు ఎటు పోతయి, పిల్లలు ఎక్కడ ఆడుతరు, పీనుగ ఏ బాట పోతది, బాలింతను దవాఖానకు ఏ బాటన తీసుకపోతరు, అన్నీ పెట్టుండ్రి. ముసలోళ్లతోని చెప్పించుండ్రి, పిల్లలతోని గీయించుండ్రి. గ్రామసభల ఆఫీసర్లు తమ లేఅవుట్ పరిచినప్పుడు దాని పక్కన మీది పరుచుండ్రి. ఇది ఎటు పోయింది, అది ఎటు పోయింది అని ఒక్కొక్కటి వేలు పెట్టి అడుగుండ్రి, జవాబు తీర్మానంల రాయించుకోండి. పైసలు తీసుకొని ఎవలకు వాళ్లు పోండ్రి అంటే తొందరపడి ఒక్కొక్కలు సంతకం పెట్టొద్దు, ఊరంత ఒక్కసారి కూసొని తేల్చుకోండి. ఇప్పటికే కాలనీల ఉన్నోళ్లు 25 అంశాల కాయితం నింపుండ్రి.

ఆ కాయితం తెలుగుల మేము తయారు చేసి తెచ్చినం, గేటు దగ్గర బల్ల మీద ఉన్నది. జిరాక్సు పైసలు మేమే పెట్టుకున్నం, పోయేటప్పుడు ఇంటికొకటి తీసుకపోండ్రి. నింపిన కాయితాలు పత్రిక ఆఫీసుకు పంపితే ఊరు పేరుతోని వరుసగ అచ్చేస్తం.

జై తెలంగాణ.